ఆ పెన్ను ఎక్కడ దొరికింది?

డిటెక్టివ్ కథ అంటే మన తెలుగు శాఖల్లో ఇప్పటికీ ముక్కు చిట్లింపే. క్షుద్ర సాహిత్యం అని ఒక పెట్టె చేసి, అందులో పడేసి, మూత పెట్టేశారు. ఆ డిటెక్టివ్ కథని పుస్తకంలో కూడా కాకుండా వీడియో గేమ్‌లో చదివానని, అదీ డాక్టరేటు ఉన్న లెక్చరర్ చెబితే, మూత మీద ఇంకో బండరాయి పెడతారు. పెట్టుకోనివ్వండి.

సాహిత్య సభల్లో ముందు వరుసలో కూర్చునే ఒక పెద్దాయన మొన్న నాతో అన్నారు, "గేమ్‌లో కూడా కులం వెతుకుతావా అమ్మా? కాస్త రెస్ట్ తీసుకోరాదా?" అని. రెస్ట్ కోసమే కొనుక్కున్నాను సార్, సెకండ్ హ్యాండ్‌లో, రెండు నెలలు డబ్బు దాచి. కులాన్ని నేను వెతకలేదు. ఉండాల్సిన చోట అది లేకపోవడం కంటికి తగిలింది. డిటెక్టివ్ కథ చదివేవాళ్ళకి మొదట పట్టుబడే విద్య అదే కదా, ఉండాల్సింది ఎందుకు లేదు అని అడగడం.

గేమ్ పేరు ది గ్రేట్ ఏస్ అటార్నీ క్రానికల్స్. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్‌ది. షు తకుమి అనే రచయిత, దర్శకుడు 2001లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ కోసం మొదలుపెట్టిన ఏస్ అటార్నీ వరసలోది. జపాన్‌లో 2015లో ఒక భాగం, 2017లో ఇంకో భాగం వచ్చాయి. రెండూ కలిపి ఇంగ్లీషులో 2021 జులైలో గానీ రాలేదు. నేను స్విచ్‌లో ఆడాను. కాలేజీకి పోయే బస్సులో, వచ్చే బస్సులో.

ఆడాను అంటున్నాను గానీ, నిజానికి చదివాను. పరుగు లేదు, తుపాకీ లేదు. తెర కింద ఒక పెట్టెలో మాటలు వస్తాయి. బటన్ నొక్కితే ఇంకో మాట. అలా పది కేసులు, వేల కొద్దీ మాటలు. ర్యూనోసుకె నరుహొదొ అనే జపాన్ కాలేజీ కుర్రాడు చేయని హత్యలో ముద్దాయి అవుతాడు. తన కేసు తనే వాదించుకుని బయటపడి, లండన్ పోయి, అక్కడి కోర్టులో లాయరు అవుతాడు. సాక్షి వాంగ్మూలం ఒక్కో వాక్యంగా మన ముందుకొస్తుంది. ప్రతి వాక్యాన్నీ నిలదీయవచ్చు. లేదా మన దగ్గరున్న ఆధారం తీసి ఆ వాక్యం మీద కొట్టవచ్చు. తప్పు వాక్యం మీద తప్పు ఆధారం కొడితే జడ్జి చిరాకు పడతాడు, మనకి శిక్ష పడుతుంది. అంటే గేమ్ అడిగేది ఒకటే. సరిగ్గా చదువు.

సెమిస్టర్ అంతా మొత్తుకున్నా మా పిల్లలకి నేను నేర్పలేకపోతున్నది ఇదే. ఒక వాక్యం ఏం చెబుతోంది, ఏం దాస్తోంది, పై పేజీలో చెప్పినదానికి ఇది పొసుగుతుందా అని ఆగి చూడటం. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ పుస్తకాలు అద్దె షాపుల్లో తెచ్చుకుని ఇంటిల్లిపాదీ చదివిన తరం ఒకటి ఉంది. ఆ తరానికి సస్పెన్స్ అంటే ఏంటో తెలుసు, అబద్ధం వాసన ఎలా ఉంటుందో తెలుసు. వాళ్ళని పాఠకులుగా లెక్కేయని విమర్శ మనది. అద్దె షాపుకి పోయింది ఎవరు, ముందుమాటలు రాసింది ఎవరు అని చూస్తే ఆ లెక్క ఎందుకలా వచ్చిందో అర్థమవుతుంది. ఆ గొడవ వేరే భాగంలో రాస్తాను.

గేమ్‌లో నాకు బాగా నచ్చిన చోటు చెప్పాలి. షెర్లాక్ హోమ్స్ ఉంటాడు. ఇంగ్లీషు వెర్షన్‌లో కాపీరైట్ భయంతో హెర్లాక్ షోల్మ్స్ అని పేరు మార్చారు. ఈయన గది మధ్యలో నిలబడి, చెయ్యి ఊపి, ఒక్క చూపుతో ఎదుటివాడి జాతకం చెప్పేస్తాడు. అంతా తప్పే. పద్ధతి గొప్పగా ఉంటుంది, చూసే దిక్కు తప్పు. పక్కనున్న జపాన్ కుర్రాడు, ఇంగ్లీషు పరాయి భాష అయినవాడు, ఎంతో మర్యాదగా "అటు కాదండీ, ఇటు చూడండి" అని ఒక్కొక్కటీ సరిచేస్తాడు. మేధావి పొగరుని నొప్పించకుండా, నిజాన్ని వదలకుండా. డిపార్ట్‌మెంట్ మీటింగుల్లో మనలో ఎంతమంది చేసే పని ఇది! నాకు బస్సులో నవ్వాగలేదు.

మా అన్న కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. ఆదివారం దానికి చదివి వినిపిస్తూ ఆడతాను. ఇంగ్లీషు చదవగలదు గానీ ఈ పాత లండన్ ఇంగ్లీషు దానికి కొరుకుడు పడదు, నేను అప్పటికప్పుడు తెలుగు చేసి చెబుతుంటాను. ఒకసారి అడిగింది, "అత్తా, ఆయన వేలు చూపించి అరుస్తాడు కదా, దాన్ని తెలుగులో ఏమంటాం?" ఆక్షేపణ అంటే నిఘంటువు కంపు. సినిమాల్లో అయితే అబ్జెక్షన్ యువరానర్. కాసేపు ఆలోచించి అదే చెప్పింది, "ఆగెహె!" అని. మా ఇంట్లో ఇక ఆ గేమ్ పేరు ఆగెహె. ఇంత మాటల గేమ్ తెలుగులో దొరకదు, దొరికే సూచన కూడా లేదు. కోట్ల మంది మాట్లాడే భాషని ఆ పరిశ్రమ చదివే భాషగా గుర్తించలేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. కథ కొంత బయటపడుతుంది, ఆడబోయేవాళ్ళు ఈ రెండు పేరాలు దాటుకుపోండి.

ఈ గేమ్ అమాయకమైంది కాదు. లండన్ కోర్టులో బారోక్ వాన్ జీక్స్ అనే ప్రాసిక్యూటర్ జపాన్ వాళ్ళ మీద ద్వేషం నోటినిండా కక్కుతాడు. ఆరుగురు జ్యూరీ సభ్యులు ముద్దాయి మొహం చూసే తీర్పుకి వచ్చేస్తుంటారు. ఒకరు చెప్పిన కారణాన్ని ఇంకొకరు చెప్పిన కారణంతో ఢీకొట్టించి ఆ తీర్పుని మనం విడగొట్టాలి. సుసాతో అనే అమ్మాయికి లా అంతా కంఠతా వచ్చు, కానీ జపాన్ కోర్టులో ఆడది వాదించడానికి లేదు, మగవేషం కట్టి నిలబడాల్సి వస్తుంది. మెక్‌గిల్డెడ్ అనే వడ్డీ వ్యాపారి ఉంటాడు, ఊరికి ధర్మాత్ముడు. విచారణ మధ్యలో కోర్టు హాల్లో పొగ కమ్ముకుంటుంది. పొగ తేలేసరికి ఆధారం మారిపోయి ఉంటుంది. ఆయన నిర్దోషిగా నడిచి బయటికి పోతాడు. అతన్ని విడిపించింది మనమే, మన వేళ్ళతోనే.

అంటే దీన్ని రాసినవాళ్ళకి తెలుసు. రంగు తెలుసు. ఆడదాని బతుకు తెలుసు. డబ్బున్నోడు సాక్ష్యాన్ని ఎలా మార్చుకుంటాడో తెలుసు. తెల్లవాడు జపాన్ వాణ్ణి ఎంత హీనంగా చూశాడో వివరంగా, కోపంగా తెలుసు. మరి జపాన్ వాడు జపాన్‌లో ఎవర్ని హీనంగా చూశాడో?

కథాకాలం మెయిజీ చివరిది, అటూ ఇటూగా 1900. దానికి ముప్పై ఏళ్ళ ముందు, 1871లో జపాన్ ప్రభుత్వం అంటరానితనాన్ని రద్దు చేస్తూ ఆజ్ఞ జారీ చేసింది. తోళ్ళ పని, పశువుల కోత, శవాల పని చేసే కులాలకి 'ఎతా' అనే పేరు ఉండేది, మలినం నిండిన అని దాని అర్థం. ఆజ్ఞతో ఆ పేరు చట్టంలో పోయింది. మరుసటి ఏడు, 1872లో, కుటుంబాల రిజిస్టర్లు రాశారు. ఆ రిజిస్టర్లలో ఎవరు పాత అంటరానివాళ్ళో తెలిసిపోయే గుర్తులు మళ్ళీ చేరాయి. 'కొత్త పౌరులు' అని పేరు పెట్టారు, మర్యాదగా. 1968 దాకా ఆ రిజిస్టర్లు తెరిచి చూడటానికి వీలుండేది. ఈ మనుషుల్నే ఇవాళ బురాకుమిన్ అంటున్నారు. మొహం చూసి పోల్చలేరు, భాష విని పోల్చలేరు. ఊరి పేరు, వాడ పేరు, తాత పేరు తెలిస్తే చాలు. 1975లో బురాకు వాడల చిరునామాల జాబితాలు పుస్తకంగా తయారై కంపెనీలకి రహస్యంగా అమ్ముడుపోయిన సంగతి బయటపడింది. ఉద్యోగానికి వచ్చినవాడి కులం కనుక్కోవడానికి. అద్దింటి కోసం వెళ్ళి ఇంటిపేరు చెప్పిన తర్వాత ఒక క్షణం మౌనం విన్నవాళ్ళకి నేను వివరించక్కర్లేదు.

ఒక మనిషి దాచుకున్న పుట్టుక, దాన్ని తవ్వి తీసే కాగితాలు. ఇంతకంటే డిటెక్టివ్ కథకి ముడిసరుకు ఏం కావాలి?

ఇంకో తమాషా. ఈ గేమ్ మహారచయిత నత్సుమె సోసెకిని పాత్రగా తెచ్చింది. సోసెకి నిజంగానే 1900 నుంచి 1902 దాకా లండన్‌లో ఉండి కుమిలిపోయాడు. గేమ్‌లో ఆయన్ని రెండుసార్లు ముద్దాయిగా బోనెక్కించి, రెండుసార్లూ మన చేత విడిపిస్తారు. సాహిత్యం చదువుకున్నదాన్ని, ఎంత మురిసిపోయానో. ఆ సోసెకి మెచ్చుకున్న నవల ఒకటుంది. షిమజాకి తోసొన్ 1906లో వేసిన 'హకాయ్'. అందులో ఉషిమత్సు అనే బడిపంతులు బురాకు వాడలో పుట్టినవాడు. ఎవరికీ చెప్పకు అని తండ్రి పెట్టిన ఆనతిని మోస్తూ బతుకుతాడు. చివరికి తన క్లాసు పిల్లల ముందు నేను ఫలానా అని చెబుతాడు. చెప్పి, మోకరిల్లి, ఇన్నాళ్ళు దాచినందుకు క్షమాపణ అడుగుతాడు! తర్వాత టెక్సస్ పోవడానికి సిద్ధమవుతాడు. ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పాలండీ? ఆ పేజీ చదివి పుస్తకం విసిరికొట్టాలనిపించింది, మళ్ళీ తీసుకుని చదివాను. సోసెకిని తెచ్చుకున్న గేమ్‌కి ఆ పంతులు కనపడలేదు. పది కేసుల్లో నాకు ఒక్క బురాకు ముద్దాయి తగల్లేదు, ఒక్క సాక్షి తగల్లేదు, ఆ మాట కూడా తగల్లేదు.

"తెలియక రాయలేదేమో" అనేవాళ్ళుంటారు. తెలియకపోవడం సాధ్యం కాదు. ఆ పరిశ్రమకి ఈ విషయం వేళ్ళ లెక్కతో సహా తెలుసు. 1997లో ఆడ్‌వరల్డ్: ఏబ్స్ ఆడిసీ అనే అమెరికన్ గేమ్ వచ్చింది. అందులో ఏబ్ అనేవాడు మాంసం ఫ్యాక్టరీలో బానిస. వాడికి చేతికి నాలుగు వేళ్ళు. జపాన్‌లో నాలుగు వేళ్ళు చూపించడమంటే బురాకుమిన్‌ని నాలుగు కాళ్ళ పశువు అని తిట్టడం. అందుకని ఏబ్ చేతికి వేళ్ళు మూడు చేశారు. నాలుగు వేళ్ళ బొమ్మలంటే అక్కడ అమ్మేవాళ్ళకి అంత జాగ్రత్త.

దీన్ని సున్నితత్వం అంటారా? అవమానించే వేలు తీసేశారు, సరే, మంచిదే. ఆ అవమానం పడ్డ మనిషిని ఎక్కడ పెట్టారు? వేలూ పోయింది, మనిషీ పోయాడు. మన సెన్సార్ కూడా ఇంతే చేస్తుంది. డైలాగులో మన కులం పేరు మ్యూట్ చేస్తుంది, హీరో వంశం గురించి మూడు పాటలు వదిలేస్తుంది. నొప్పించకుండా ఉండటం వేరు, మాట్లాడకుండా తప్పించుకోవడం వేరు. ఈ రెంటినీ ఒకే సీసాలో పోసి అమ్ముతున్నారు.

ఇప్పుడు నేనొక కేసు చెబుతాను. ఇది గేమ్ కాదు.

1963 మే నెల. టోక్యో పక్కన సైతామా ప్రాంతంలో సయామా అనే ఊరు. హైస్కూలు అమ్మాయిని ఎత్తుకుపోయారు. 2 లక్షల యెన్‌లు తెమ్మని ఇంటికి ఉత్తరం వచ్చింది. డబ్బు కోసం వచ్చినవాణ్ణి నలభై మంది పోలీసులు చుట్టూ కాపు కాసి కూడా వదిలేశారు. తర్వాత అమ్మాయి శవం దొరికింది. దేశమంతా పోలీసుల్ని తిట్టింది. దర్యాప్తు వెళ్ళి దగ్గర్లోని బురాకు వాడల మీద పడింది. మే 23న కజువొ ఇషికావా అనే 24 ఏళ్ళ కుర్రాణ్ణి వేరే చిన్న నేరాల పేరు మీద అరెస్టు చేశారు. నెలపాటు నాకు తెలియదన్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే పదేళ్ళలో బయటికి పంపిస్తామని పోలీసులు మాటిచ్చారని ఆ తర్వాత ఆయనే చెప్పాడు.

ఇక ఆధారాలు. గేమ్ ఆడినట్టే చూడండి.

మొదటి ఆధారం, బెదిరింపు ఉత్తరం. కజువొ చిన్నప్పుడే పనికి పోయినవాడు. రాయడం సరిగా రాదు. ఉత్తరంలో మాత్రం కంజి అక్షరాలున్నాయి. మరి ఎలా రాశాడు? పక్కన చిన్నగా ఉచ్చారణ అచ్చేసి ఉండే బాలికల కామిక్ పత్రికలో చూసి ఏరుకుని రాశాడన్నది మొదటి కోర్టు నమ్మిన కథ. చదువు రానివాడని వాడ మీద వేలెత్తి చూపే లోకం, అవసరమైనప్పుడు వాడికి రాత్రికి రాత్రి అక్షరాలు అంటగట్టగలదు.

రెండో ఆధారం, అమ్మాయి ఫౌంటెన్ పెన్ను. మే 23న పోలీసులు కజువొ ఇల్లు సోదా చేశారు. దొరకలేదు. జూన్ 18న రెండోసారి చేశారు. దొరకలేదు. ఒప్పుకోలు అయ్యాక జూన్ 26న మూడోసారి వచ్చారు. వంటింటి తలుపు పైనున్న దూలం మీద, నిలబడి చెయ్యి చాపితే అందే చోట, దొరికింది. దాన్ని ఆయన అన్న చేత, ఉత్త చేతులతో, తీయించారు. ఉత్తరం మీద గానీ పెన్ను మీద గానీ కజువొ వేలిముద్రలు లేవు.

ఏస్ అటార్నీలో ఇది మొదటి కేసు. అంటే ఎలా ఆడాలో కొత్తవాళ్ళకి నేర్పడానికి పెట్టే తేలిక కేసు. "మూడోసారి దొరికింది" అనే వాక్యం మీద రెండు పాత సోదాల రిపోర్టు తీసి కొడితే చాలు. వేలు చూపిస్తాం, సంగీతం మారుతుంది, సాక్షి చెమటలు తుడుచుకుంటాడు, కాయితపు ముక్కలు ఎగురుతాయి. ఆట మొత్తానికి అరగంట.

1964 మార్చి 11న కజువొ ఇషికావాకి ఉరిశిక్ష పడింది. పై కోర్టుకి పోయి, ఆ ఒప్పుకోలు అబద్ధం, నేను చేయలేదని చెప్పాడు. పదేళ్ళ తర్వాత, 1974లో టోక్యో హైకోర్టు ఉరిని యావజ్జీవంగా మార్చింది. జైల్లో ఒక గార్డు ఆయనకి అక్షరాలు నేర్పాడు. ఏ ఉత్తరం రాశాడని లోపలేశారో, దాన్ని చదవడం లోపలికి పోయాక నేర్చుకున్నాడు. 1994 డిసెంబర్‌లో పెరోల్ మీద బయటికొచ్చాడు. పెరోల్ మీదే, నిర్దోషిగా కాదు. కనపడని సంకెళ్ళు ఇంకా ఉన్నాయని చెబుతుండేవాడు. అరెస్టు రోజున ఆయన స్వయంగా రాసిన కాగితాన్ని ప్రాసిక్యూషన్ 2010లో బయటపెట్టింది. నలభై ఏడేళ్ళు అది ఎవరి బీరువాలో ఉంది? 2025 మార్చి 11న, ఉరిశిక్ష పడిన తేదీనే, 86 ఏళ్ళ వయసులో ఆయన చనిపోయాడు. రీట్రయల్ రాలేదు.

ఏస్ అటార్నీ మొదటి గేముల్లో విచారణ మూడు రోజుల్లో తేలిపోవాలి, అది ఆట నియమం. పెరిగిపోయిన కేసుల్ని త్వరగా తేల్చడానికట. ఆ మూడు రోజుల మీద నాకు కోపం లేదు, కథకి గడువు కావాలి. నా కోపం వేరే. పొంతన లేని మాట పట్టుకుంటే చాలు, నిజం దానంతటదే బయటికొస్తుందన్న నమ్మకాన్ని ఈ గేమ్ ఎంతో అందంగా అమ్ముతుంది. అమ్మిన దేశంలోనే, అంత పొంతన లేని కేసు అరవై ఏళ్ళు కళ్ళ ముందు నడిచింది.

పొంతన లేకపోవడం అనే ఆయుధం కూడా అందరి చేతిలో ఒకేలా పేలదు. మనకి తెలియదా? 1991 ఆగస్టు 6, చుండూరు. ఎనిమిది మందిని పొలాల్లో, కాలవగట్ల వెంట తరిమి చంపారు. పోరాడి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు, ప్రాసిక్యూషన్ నేరాన్ని నిరూపించలేకపోయిందని అందర్నీ వదిలేసింది. ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరిగెత్తుతున్న మనిషిని, ఏళ్ళ తర్వాత బోనులో నిలబెట్టి, అప్పుడు టైమెంత, నీకు ఎంత దూరంలో ఉన్నాడు, చేతిలో ఉన్నది కర్రా గొడ్డలా అని అడగండి. ప్రతి వాక్యాన్నీ నిలదీయండి. బటన్ నొక్కినంత తేలిగ్గా సందులు దొరుకుతాయి. సయామాలో అంత పెద్ద సందు కోర్టుకి కనపడలేదు. మన సాక్షుల మాటల్లో వెంట్రుకవాసి సందు కూడా కోర్టులకి కొండంత కనపడుతుంది. ఏ కళ్ళు ఎటు చూడాలో షోల్మ్స్‌కి చెప్పినట్టు వీళ్ళకి చెప్పేదెవరు?

ఈ పోలిక నేను గాల్లోంచి తెచ్చింది కాదు. జపాన్‌లో బురాకు విముక్తి సంఘాలు, మన దళిత సంఘాలు చాలా ఏళ్ళుగా ఒకే వేదిక మీద మాట్లాడుతున్నాయి. 2001లో డర్బన్ సదస్సులో, పని వల్ల పుట్టుక వల్ల వచ్చే వివక్ష అని రెంటినీ కలిపి పేరు పెట్టించడానికి పోరాడారు. అక్కడ కులం మాట రానివ్వకుండా అడ్డుపడింది మన ప్రభుత్వమే. అదే ఏడాది అక్టోబర్‌లో మొదటి ఏస్ అటార్నీ వచ్చింది. ఊరికే తేదీ చెబుతున్నాను.

కాబట్టి ఆ పెద్దాయనకి నా జవాబు. గేమ్ మానేయను. పిల్లలకి మానేయమని చెప్పను. ఆడమంటాను, వాక్యం వాక్యం నిలదీస్తూ ఆడమంటాను. నిలదీయడం అలవాటైన పిల్ల గేమ్‌తో ఆగదు, గేమ్ రాసినవాణ్ణీ నిలదీస్తుంది. మా మేనకోడలికి సయామా కేసు చెప్పినప్పుడు అది అడిగిన మొదటి ప్రశ్న, "మొదటి రెండుసార్లు వెతికిన పోలీసుల్ని కోర్టుకి పిలిచారా అత్తా?" డాక్టరేటు అక్కర్లేదు ఈ ప్రశ్నకి. మళ్ళీ తెరిచి చూడమని అడిగినవాళ్ళకి ఆ దేశపు కోర్టు ఇంతవరకూ తలుపు తెరవలేదు.

వచ్చే సోమవారం మా మూడో సంవత్సరం క్లాసులో పాఠం ఇదే. మూడు సోదాల తేదీలు బోర్డు మీద రాస్తాను, ఉత్తరం సంగతి చెబుతాను, ఎవరి వాడో చెప్పను. ఎక్కడ ఆగెహె అంటారో చూస్తాను.

ఇషికావా పోయాక ఆయన భార్య నాలుగోసారి రీట్రయల్ అడుగుతూ పిటిషన్ వేసింది.

జై భీమ్.